నాలుగు నిమిషాల మనిషి

కాదు రఘూ, ముందు ఆ ల్యాప్‌టాప్ మూసెయ్. మూసెయ్ అంటున్నానా! నాకు కొత్త వెర్షనూ వద్దు, దానికంటే కొత్త వెర్షనూ వద్దు. నేను పిలిస్తే, ఇంకోసారి నా చేత పరీక్ష రాయిద్దామని లండన్ చివర ఈ హౌన్స్‌లో దాకా వచ్చావా? ఆదివారం పూట స్టీవెనేజ్‌లో రైలెక్కి, మళ్ళీ ట్యూబెక్కి వచ్చావు, సంతోషం. పెసరట్టు తిను. అల్లం చట్నీ వేసుకో. దాన్ని మాత్రం నా బల్ల మీద తెరవకు.

అసలు ఆ మెనూ ఎందుకు తీశార్రా మీరు? ఎడమ పక్క కింద మూలన ఉండేది, పచ్చ ఆకు బొమ్మ. దాని మానాన అది పడుండేది. అది మిమ్మల్ని అన్నం పెట్టమందా, బట్ట పెట్టమందా?

ఏందీ? శుభ్రంగా కనపడాలనా?

శుభ్రమంట, శుభ్రం! వంటింట్లో పోపులపెట్టె, గరిటె, అట్లకాడ అన్నీ ఎత్తి అటక మీద పెట్టేస్తే వంటిల్లు శుభ్రంగానే ఉంటుంది నాయనా. ఆ పూట వంట ఎవరు చెయ్యాలి?

నువ్వు అట్టా మొహం పెట్టకు. నేనేం గిట్టనిదాన్ని కాదు నీకు. మూడేళ్ళు మా పైగదిలో ఉండి చదువుకున్నావు. ఉద్యోగం వచ్చాక కూడా ఆఫీసు అయ్యాక కూర్చుని, పైసా జీతం లేకుండా, మీరు పదిమంది కలిసి కంప్యూటర్లో విండోస్ బదులు వేసుకునే ఈ మెడో అనేదాన్ని తయారుచేస్తున్నారని, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఊరికే ఇస్తారని చెప్పినప్పుడు నేనెంత పొంగిపోయానో నీకు తెలుసు. డ్యూటీలో పక్కనున్న వాళ్ళందరికీ చెప్పాను, మా రఘువీర్ ఇట్టాంటి పని చేస్తున్నాడని. వాళ్ళకేం అర్థమైందో నాకు తెలియదు, నాకేం అర్థమైందో అది కూడా సరిగ్గా తెలియదు, అయినా చెప్పాను.

ఆ లైబ్రరీ వెనక హాల్లో పన్నెండు పాత కంప్యూటర్లు ఉంటే, ఎవరో ఆఫీసు వాళ్ళు పారేయబోతుంటే తెచ్చి పడేసినవి, ఆన్ చేస్తే విమానం లేచినంత మోత. ఏదీ తెరుచుకునేది కాదు. నువ్వొచ్చి ఒక్క శనివారంలో వాటికి ప్రాణం పోశావు. నేను కాదన్నానా? అందుకే కదా అక్కడ క్లాసు పెట్టింది. మనవాళ్ళు ఎనిమిదిమంది ఆడవాళ్ళు, నేను వాళ్ళకి టీచర్ని. ఎయిర్‌పోర్టు పక్కన విమానాలకి భోజనం ట్రేలు సర్దే మనిషి కంప్యూటర్ టీచరా అని మా ఆయన నవ్వితే, నీ పేరు చెప్పి నోరు మూయించాను.

ఆ క్లాసు ఎట్టా నడిచేదో నీకెప్పుడైనా తెలుసా? నువ్వు వచ్చి ఒక్కరోజు కూర్చున్నావా?

మా వాళ్ళు ఇంగ్లీషు చదివి నొక్కుతారనుకున్నావేమో. చోటు చూసి నొక్కుతార్రా. ఒక్కొక్కళ్ళకి ఒక నోటుబుక్కు. అందులో తెలుగులో రాసుకున్నాం. పచ్చ ఆకు నొక్కు. పై నుంచి మూడోది. పసుపు సంచి బొమ్మ నొక్కు. కింద కుడి పక్కది నొక్కితే వెళ్ళిపోతుంది. ఆర్నెల్లు పట్టింది ఆ నోటుబుక్కులు నిండటానికి. మీరు ఒక్క శుక్రవారం సాయంత్రం వచ్చి, ఎవరికీ చెప్పకుండా పన్నెండింటికీ కొత్త వెర్షన్ ఎక్కించి వెళ్ళిపోయారు. సర్‌ప్రైజా? నిజంగా సర్‌ప్రైజే అయింది!

మా దగ్గర ట్రే మీద బన్ను ఎడమ పక్కనే ఉండాలి. స్పూను కుడి పక్క. రోజుకి వేల ట్రేలు, చేతులు వాటంతటవే పోతాయి, కళ్ళతో పని లేదు. ఆ స్పూను చోటు మార్చాలంటే రెండు వారాల ముందు గోడకి ఫొటో అంటిస్తారు. సూపర్‌వైజర్ వచ్చి ఒక్కొక్కళ్ళకీ చూపిస్తాడు. స్పూనుకి రెండు వారాలు! వాళ్ళేం చదువుకున్నవాళ్ళు కాదు. మీరందరూ మాస్టర్స్ డిగ్రీలు చదివినవాళ్ళు.

ఆగు. ఆ కీ నొక్కాలని నాకు చెప్పకు. నాకు తెలుసు. విండోస్ బొమ్మ ఉన్న మీట నొక్కితే మీ మెడోలో అన్నీ బయటికొస్తాయి! ఎవడి తలకాయకి తడుతుందిరా అది? పక్కింటి వాళ్ళ కాలింగ్ బెల్లు కొడితే మన తలుపు తెరుచుకుంటుందని ఎవరికైనా తోస్తుందా?

మౌసు పై మూలకి తోసినా వస్తుందా? తోశాం. వస్తుంది. భయపడి చెయ్యి తీస్తే పోతుంది. మళ్ళీ తోస్తే తెర మీది పెట్టెలన్నీ చిన్నచిన్నవి అయిపోయి గాల్లో తేలతాయి. మా క్లాసులో భావన వాళ్ళ అత్తగారు దండం పెట్టి లేచిపోయింది. నాకు దిష్టి తగిలిందేమో అనుకుంటూ వెళ్ళింది ఆవిడ.

సరే, అవన్నీ నవ్వుకునే మాటలు. నేను నీకు ఫోన్ చేసి రమ్మన్నది వీటికోసం కాదు. నాగేశ్వరి గుర్తుందా? అదే, సన్నగా, ఎప్పుడూ చివరి కంప్యూటర్ ముందు కూర్చునేది. నువ్వొచ్చినప్పుడు నీకు మిషన్ టీ తెచ్చిచ్చింది చూడు. ఆ అమ్మాయి.

హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పని. పొద్దున్నే నాలుగున్నరకి ఇంట్లోంచి బయల్దేరాలి. మొగుడు లేడు, పోయి రెండేళ్ళయింది. తొమ్మిదేళ్ళ పిల్ల లాస్యని నిద్రలోనే ఎత్తుకుని పక్క ఫ్లాట్ ఆంటీ సోఫా మీద పడుకోబెట్టి వెళ్తుంది. పిల్ల లేచి తనే జడ వేసుకుని స్కూలుకి పోతుంది. ఆ స్కూల్లో వంటగదిలో అసిస్టెంట్ ఉద్యోగం పడింది. పర్మనెంట్. పిల్ల వెళ్ళే వేళకి వెళ్ళి, పిల్ల వచ్చే వేళకి రావచ్చు. సెలవులు కూడా పిల్లవే. ఇంకేం కావాలి ఆ మనిషికి?

కానీ ఆన్‌లైన్‌లోనే పెట్టాలంట అప్లికేషన్. కాగితం తీసుకోరంట.

నేను నింపిపెడతానమ్మా అంటే వద్దంది రఘూ! "లేదక్కా, ఇది నేనే చేస్తా. రేపు ఆ ఉద్యోగంలో డ్యూటీల రోటా కూడా కంప్యూటర్లోనే చూడాలంట, అక్కడికి నువ్వు రావుగా" అంది. మూడు శనివారాలు కూర్చుంది. ఒక్కొక్క అక్షరం ఒక్క వేలితో. మీకు ఈ ఉద్యోగం ఎందుకు కావాలి అన్న చోట ఏం రాసిందో తెలుసా? మా ఊళ్ళో హాస్టల్లో రెండొందల మంది పిల్లలకి వండాను అని రాసింది. ఆ ముక్క ఇంగ్లీషులో ఎట్టా రాయాలో నన్నడిగి, నాకూ తెలియక, ఇద్దరం కలిసి డిక్షనరీ చూసుకుని రాశాం. నాలుగు పేజీలు. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసింది. తెరవగానే కళ్ళ ముందు ఉంటుందని అక్కడే పెట్టమని నేనే నేర్పాను. ఇక మెయిల్‌కి తగిలించి పంపటమే మిగిలింది. ఆఖరు రోజు శనివారం, మధ్యాహ్నం పన్నెండు.

నువ్వు శుక్రవారం సాయంత్రం వచ్చి ఎక్కించావు.

శనివారం పదింటికి హాలు తెరిచాం. తెర మీద ఏముందిరా? ఒక కొండ బొమ్మ. అంతే. పచ్చ ఆకు లేదు. ఫైలు లేదు. డెస్క్‌టాప్ మీద ఏమీ ఉంచకూడదని మీరు తీర్మానం చేశారంటగా! నాగేశ్వరి నోటుబుక్కు తీసింది. పచ్చ ఆకు నొక్కు అని ఉంది. ఆకేది? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. నీకు ఫోన్ చేస్తే ఎత్తవు. గ్లాస్గోలో ఉన్నావంట, పెద్ద మీటింగంట, కొత్తవాళ్ళకి కంప్యూటర్ ఎట్టా తేలిక చెయ్యాలని మాట్లాడుతున్నావంట!

పదకొండున్నరకి ఆ అమ్మాయి నోటుబుక్కు మళ్ళీ మొదటి పేజీ నుంచి తిప్పటం మొదలుపెట్టింది. పన్నెండు కొట్టింది. లైబ్రరీ గోడ గడియారం చప్పుడు హాల్లోకి వినపడుతుంది, తెలుసుగా నీకు. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. సోమవారం స్కూలుకి ఫోన్ చేస్తే అయిపోయింది సారీ అన్నారు.

ఏమన్నావు? బగ్ రిపోర్టా? తప్పుందని మీకు రాసి పంపే ఆ బగ్ రిపోర్ట్ ఎందుకు పెట్టలేదనా?

నాగేశ్వరి బగ్ రిపోర్ట్ పెట్టాలా! అది పెట్టే చోటు ఎక్కడుందో వెతకటానికైనా ముందు మెనూ కావాలి కదరా! దాన్ని తయారుచేసిన సోర్స్ కోడ్ అంతా తెరిచే ఉంది, ఎవరైనా మార్చుకోవచ్చు అని పోయినసారి కూడా అన్నావు. తెరిచి ఉంటే? రైలు ఇంజను తలుపు తీసిపెట్టి, నచ్చకపోతే నువ్వే తోలుకో అంటే ప్యాసింజరు ఏం చెయ్యాలి? ఉచితంగా ఇస్తున్నాం కదా అని కూడా అంటావేమో. అను. ఆ మాట అంటే ఆ పెసరట్టు ప్లేటు తీసేస్తా. నేనూ నీకు ఉచితంగానే పెడుతున్నా, అట్లకాడ ఎక్కడుందో నువ్వే వెతుక్కో అన్నానా ఎప్పుడైనా?

కొత్తవాళ్ళ కోసమంట. కొత్తవాళ్ళ కోసం! ఇల్లు అలకగానే పండగ కాదు నాయనా. కొత్తవాడు ఎప్పుడు పాతవాడవుతాడో, వాడికి చెయ్యి ఎప్పుడు అలవాటు పడుతుందో సరిగ్గా అప్పుడే వచ్చి ఇల్లు మారుస్తారు మీరు. ఎవర్నడిగి చేశారు? ఎవరు చెప్పారు మీకు ఇది తేలికని?

...

ఏమన్నావు? మళ్ళీ చెప్పు.

ఊ.

నేనేనా చెప్పింది.

అవున్లే. అన్న మాట నిజమే. ఏప్రిల్లో స్టీవెనేజ్ పిలిపించావు. ఆ టేబులు, ఆ కెమెరా, స్టాప్‌వాచీ పట్టుకుని ఆ గ్రాహమ్ అనే పెద్దాయన. ఏడు పనులు ఇచ్చారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కంప్యూటర్ కొత్త, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఏడు పనులూ నాలుగు నిమిషాల్లో చేసేసింది. మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి అంటే, వెరీ నైస్, వెరీ ఈజీ అన్నాను. గ్రాహమ్ బ్రిలియంట్ అని చప్పట్లు కొట్టాడు. మీరు ఆ నాలుగు నిమిషాలు చూసే ఓట్లు వేశారా? పాత మెనూ తియ్యాలా వద్దా అని తేలకుండా ఉంటే, నన్ను చూసి తేల్చారా?

నాకు తెలియదు రఘూ. ఓట్ల సంగతి నాకు తెలియదు.

మంచినీళ్ళు ఇటివ్వు.

విను. మధ్యలో మాట్లాడకు, మాట్లాడితే నేను చెప్పలేను.

అంతకు ముందు ఆదివారం నువ్వు ఆ ల్యాప్‌టాప్ ఇక్కడే వదిలేసి వెళ్ళావు. శనివారం వచ్చేటప్పుడు పట్టుకురండి ఆంటీ అని. దాని సంచి పక్క జేబులో కాగితం ఉంది. ఏడు పనులూ వరసగా రాసి ఉన్నాయి. నేను వెతకలేదు, చార్జరు తీస్తుంటే వచ్చింది.

పరీక్ష అన్నావు నాయనా నువ్వు. పరీక్షంటే చదవకుండా వెళ్తారా మనవాళ్ళు ఎవరైనా? పరీక్ష మీకు కాదు ఆంటీ, కంప్యూటర్‌కి అన్నావు, నిజమే. చిన్నప్పుడు మా పంతులు కూడా పరీక్షేం లేదర్రా, ఊరికే అడుగుతా అనేవాడు. అడిగాక బెత్తం తీసేవాడు.

సోమవారం మొదలుపెట్టా. పొద్దుటి షిఫ్టు అయ్యి వచ్చి, అన్నం తిని, ఇదే బల్ల మీద. మొదటి రోజు ఆ ఫోల్డర్ తెరవటానికే నలభై నిమిషాలు పట్టిందిరా నాకు. ఒక్క పనికి నలభై నిమిషాలు! నాకు ఏడుపొచ్చింది. చిప్స్ డబ్బా అట్టముక్క చింపి దాని మీద రాసుకున్నా, ఇది నొక్కు, అది నొక్కు అని. మంగళవారం అరగంట. శుక్రవారానికి కళ్ళు మూసుకుని చేశా. ఎక్కాలు బట్టీ పట్టినట్టే.

ఎందుకంటావా? నువ్వు నన్ను చూపించి మా ఆంటీ అని చెప్పుకున్నావు వాళ్ళకి. అంతమంది తెల్లవాళ్ళ ముందు, నువ్వు చేసిన దాన్ని నేను ముట్టుకోలేక తెల్లమొహం వేస్తే నీ పరువేం కాను? నీ తల కొట్టేసినట్టుండదూ? ఇంటి పిల్లాడు చేసిన పనికి పరాయివాళ్ళ ముందు వంక పెడతామా మనం? బయటికొచ్చాక ఇంట్లో తిట్టుకుంటాంగానీ.

బయటికొచ్చాక తిట్టలేదు. నువ్వు అంత సంబరపడిపోతుంటే నోరు రాలేదు. కింగ్స్‌క్రాస్‌లో రైలు దిగాక నాకు కాఫీ కూడా కొనిపెట్టావు.

నువ్వు అట్టా చూడకు నన్ను. తిట్టు. తిడితే బాగుంటుంది.

అంతటితో అయితే నేనూ ఏదో సర్దుకునేదాన్ని. ఇంకా ఉంది.

మీ వెబ్‌సైట్లో నా ఫొటో పెట్టారుగా, నాలుగు నిమిషాలు అని. మా కింద గదిలో ఉండే సిరి అది క్లాసులో అందరికీ చదివి వినిపించింది. అప్పట్నించీ నేను వాళ్ళకి నాలుగు నిమిషాల పార్వతక్కని. అందుకే ఆ శనివారం కొండ బొమ్మ కనపడగానే ఎనిమిదిమందీ నావైపు చూశారు. నాగేశ్వరి ఒక్కటే కాదు, అందరూ. నేను ఆ అమ్మాయి కుర్చీ వెనకే ఉన్నాను రఘూ. పది నుంచి పన్నెండు దాకా అక్కడే నిలబడి ఉన్నా.

నాకు కనపడలేదు.

ఆర్నెల్ల కిందట బట్టీ పట్టింది ఏం గుర్తుంటుంది? ఆ మీట నొక్కాలని కూడా గుర్తు రాలేదు. అది నాకు తర్వాత సిరి చెప్పింది. మూలకి తోస్తున్నా, వస్తోంది, పోతోంది. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా నాగేశ్వరి తల తిప్పి, "అక్కా, ఏమైందంటావు?" అంది.

నాకు తెలియట్లేదే అంటే సరిపోయేది.

"నువ్వు సరిగ్గా సేవ్ చేసి ఉండవులే" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అదీ అందరి ముందు. ఆ అమ్మాయి చేశాననుకున్నానక్కా అంది, అంతే. నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది.

సోమవారం సిరిని తీసుకుని హాలుకి వెళ్ళా. రెండు నొక్కులు. ఫైలు అక్కడే ఉంది. నాలుగు పేజీలూ ఉన్నాయి, హాస్టల్లో రెండొందల మంది పిల్లలతో సహా. "ఆవిడ కరెక్టుగానే సేవ్ చేసింది ఆంటీ, చెప్పండి, పాపం" అంది సిరి. నేను చెప్తాలే అన్నాను. మూడు వారాలైంది. ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను. నీ మీద అరిస్తే కాస్త బరువు తగ్గుతుందేమోనని నిన్ను పిలిపించా. ఏం తగ్గలేదు.

నాగేశ్వరి క్లాసు మానేసింది. "నీకు నాలుగు నిమిషాల్లో వచ్చింది, నాకు ఆర్నెల్లయినా రాలేదంటే నా బుర్రే అక్కా, కంప్యూటర్‌ది కాదు" అంటుంది. ఇప్పుడు ఫారాలేమైనా ఉంటే కాగితం మీద రాసి నాకు తెచ్చిస్తోంది. సిరి ల్యాప్‌టాప్‌లో నేను నింపి పంపేస్తున్నా. మొన్న గురువారం కూడా ఒకటి పంపాను. గుమ్మంలో నిలబడి నా రెండు చేతులూ పట్టుకుంది. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని అక్కా అంది.

నేనేమన్నానో అడగవేం?

"ఫర్వాలేదులే నాగేశ్వరీ, నేనున్నాగా" అన్నాను.